మద్దిలేటి అడిగిన ఎర్రగడ్డ

లింగేశ్వరి గోడకొళాయి తిప్పి గిన్నెల్లోకి బూడిదరంగు పోషకముద్ద పట్టింది. మొగుడు చేపలపులుసు అన్నాడు, కూతురు మామిడిపండు అంది. గోడమీది పలకపై ఆ రుచులు మీటింది. అంగిట్లో అమర్చిన రుచితంత్రి ఎవరు కోరిన రుచిని వాళ్ళ నాలుకకు అందించింది. అందరూ ఒకే ముద్దను వేరువేరు విందులుగా తిన్నారు.

తండ్రి మద్దిలేటి మాత్రం గిన్నె తోసేశాడు. ఒకప్పుడు కోడుమూరు పొలాల్లో ఉల్లి, వాళ్ళ మాటలో ఎర్రగడ్డ, పండించిన మనిషి ఆయన. తంత్రి వచ్చాక ఆ పంటతో ఎవరికీ పని లేకపోయింది. మూర్ఛలు వస్తున్నాయని ఈమధ్యే వైద్యులు ఆయన తంత్రిని తీసేశారు. అప్పటినుంచి ముద్ద మట్టిలా ఉందంటూ పస్తులుండి చిక్కి శల్యమయ్యాడు.

"ఏం తింటావో చెప్పు నాయనా."

"ఒక్క ఎర్రగడ్డ కొరుక్కుంటే పానం లేసొస్తాదమ్మా."

కర్నూలు విత్తనశాలలో మాత్రమే ఇంకా కొన్ని మొక్కలు మిగిలాయి. అక్కడ పనిచేసే స్నేహితురాలు హుసేన్‌బీని లింగేశ్వరి బతిమాలింది.

"తెలిస్తే నన్ను పనిలోంచి తీసేస్తారే," అంటూనే హుసేన్‌బీ ఒక గడ్డను పైటచెంగులో చుట్టి ఇచ్చింది.

లింగేశ్వరి తండ్రి మంచం పక్కనే కూర్చుని గడ్డ కోసింది. ఘాటు కళ్ళకెక్కి నీళ్ళు ధారగా కారాయి. అయినా నవ్వుతూ, ముక్కకు ఉప్పద్ది ఆయన నోటికందించింది.

మద్దిలేటి నమిలాడు. మొహం వికారంగా పెట్టి ఉమ్మేశాడు.

"ఏందిది? నోరంతా మంట!"

"ఎర్రగడ్డే నాయనా."

"ఎర్రగడ్డ తియ్యగుంటాది. పండిచ్చినోన్ని, నాకు తెల్దా?"

లింగేశ్వరి మిగిలిన గడ్డను చేతిలోకి తీసుకుంది. తంత్రి నడిపేవాళ్ళు జనం మెచ్చుకోలును బట్టి ఏటేటా ఎర్రగడ్డ రుచిలో ఘాటు తగ్గించి తీపి పెంచుతూ వచ్చారు. ఇన్నేళ్ళూ ఆ తియ్యదనాన్నే ఎర్రగడ్డ అనుకుని తిన్న తండ్రికి, తన పొలంలో పండినదాని రుచీ, కళ్ళకెక్కే ఘాటూ గుర్తు లేకుండా పోయాయి.

"ఈ వేర్లు చూడు. పొర చూడు నాయనా."

ఆయన గడ్డవైపు చూడలేదు. కూతురి మొహంలోకే చూశాడు.

"మరి ఏడుస్తుండావెందుకు?"

"కోస్తే కండ్లు మండినాయి."

"ఎర్రగడ్డ కోస్తే ఏడ్చేదేంది? అబద్ధం చెప్పలేక ఏడుస్తుండావు. చచ్చేవాన్ని మోసం చేస్తివి గదమ్మా."

గోడవైపు తిరిగి పడుకున్నాడు. లింగేశ్వరి ఎంత చెప్పినా మళ్ళీ ఇటు తిరగలేదు. ఆ తర్వాత ఆమె చేత్తో ఏమిచ్చినా నోరు తెరవలేదు. ప్రాణం పోయేముందు మనవరాలిని పిలిపించి, ఆ పిల్ల చేత గొంతులో నీళ్ళు పోయించుకున్నాడు. లింగేశ్వరి గుమ్మం అవతల నిలబడి చూసింది.