మందు కొట్టినవాడి గది

ఆ ఆఫీసులో మూడో అంతస్తు రికార్డు గదికి మంచి పేరు లేదు. సాయంత్రం ఆరు దాటితే ఆ వరండాలో ఎవరూ అడుగు పెట్టరు. అవసరమైతే చుట్టూ తిరిగి వెనక మెట్ల మీదుగా పోతారు. ఎందుకంటే, గడియ వేసి ఉన్న ఆ గదిలోంచి చప్పుడు వస్తుంది. టక్... టక్... టక్. కాసేపు ఆగుతుంది. మళ్లీ మూడు దెబ్బలు.

లోపల ఎవరని అడిగితే అందరూ ఒకటే పేరు చెబుతారు — మందుబాబు.

పదకొండేళ్ల కిందట పురుగుల మందు కొట్టేవాడొకడు ఆ గదిలోకి వెళ్లాడట. పని పక్కన పడేసి సీసా ఎత్తాడట. తాగి తాగి తెల్లారేసరికి శవమయ్యాడట. ఇప్పుడు చీకటి పడితే చాలు, ఇంకో సీసా కోసం తలుపు కొడుతున్నాడట! ఎవడో కొంటెవాడు ఒకసారి ఖాళీ సీసా తెచ్చి ఆ గుమ్మంలో పెట్టాడు కూడా. ఆఫీసంతా వారం రోజులు పడీ పడీ నవ్వింది.

నవ్వరూ మరి! చచ్చినవాడు లేచొచ్చి చెంప పగలగొట్టడు కదా.

ఆ చచ్చినవాడికి ఒక కూతురుంది. ఆమెదీ అదే వృత్తి. చుట్టుపక్కల ఆఫీసులన్నీ ఆమెను ఎలుకలక్క అంటాయి. తండ్రి ఏనాడూ చుక్క ముట్టలేదని ఆమెకు తెలుసు. నిద్ర చెడుతుందని టీ కూడా తాగని మనిషి. కానీ తాగి చచ్చినవాడి కూతురని పదకొండేళ్లుగా అనిపించుకుంటూనే ఉంది. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండిపోయేది. కాదని చెప్పడానికి చేతిలో ఏమీ లేదు.

అలాంటిది, ఒకరోజు ఆ ఆఫీసు నుంచే కబురొచ్చింది. ఎలుకలు కంప్యూటర్ల తీగలు కొరికేస్తున్నాయి, వచ్చి చూడమని. తను ఎవరో చెప్పకుండా వెళ్లింది.

హెడ్ గుమస్తా ఎదురొచ్చాడు. "గబగబా మందు కొట్టేసి పోమ్మా. వాసన మాత్రం రాకూడదు."

ఆమె మందు తియ్యలేదు. ముందు బల్లల సొరుగులు లాగింది. ఒకదాంట్లో సగం కొరికిన బిస్కెట్లు. ఇంకోదాంట్లో బెల్లం ముక్క, చీమల బారు. కీబోర్డు తిరగేసి దులిపితే రాలిన తిండితో ఒక పిచ్చుక కడుపు నిండుతుంది. మూలన నిరుటి అట్టపెట్టెలు. సింకు కింద మూత లేని తూము, అందులోంచి మీసాలు ఆడిస్తూ బొద్దింకలు.

"మందెందుకు సార్ మీకు? పూటపూటా విస్తరి వేసి మరీ పిలుస్తున్నారు కదా!" అంది. "ఈ పెట్టెలు పారేయండి. తినేది ఒక్కచోట తినండి, తిన్నచోట తుడవండి. తలుపుల కింద సందులు మూయండి, తూముకి జాలీ వేయండి. అప్పటికీ మిగిలితే అప్పుడు మందు."

గుమస్తాకి మొహం మాడిపోయింది. "నువ్వు నాకు పాఠాలు చెబుతావా? ఆ రికార్డు గది చూడు ముందు. అక్కడే ఎక్కువ. జాగ్రత్త సుమా... మీవాడొకడు అందులోనే మందు కొట్టి చచ్చాడు."

ఆమె చెయ్యి సొరుగు మీదే ఆగిపోయింది. "ఏ మందు సార్?"

"ఏ మందేమిటి! మందు కొట్టాడు, పడిపోయాడు. ఆ రోజు అడిగినవాళ్లకీ అదే చెప్పా." ఎటో చూస్తూ అన్నాడు.

ఆ పూట చీకటి పడ్డాక ఆఫీసు కాపలా తాత ఆమెకి తోడుగా వరండా మొదలు దాకా వచ్చి నిలబడిపోయాడు. "ఇక నా వల్ల కాదు తల్లీ..." అని గుసగుసగా అన్నాడు.

ఆమె ఒక్కతే వెళ్లింది. గడియ తీసింది. అది బయటివైపే ఉంది. లోపలివైపు పిడి కూడా లేదు. తలుపు మూసుకోకుండా తన సంచీ గుమ్మంలో అడ్డం పెట్టింది.

పాత కాగితాల వాసన. టార్చి వెలుగులో దుమ్ము పట్టిన ఫైళ్లు... ఒక ఇనప బీరువా... అంతే.

టక్... టక్... టక్.

ఆమె కదల్లేదు. "నాన్నా..." అని పెదవులతో అంది.

చప్పుడు మళ్లీ వచ్చింది — పైనుంచి. టార్చి ఎత్తింది. సీలింగులో ఒక పలక వదులై వేలాడుతోంది. దాని మీదుగా పిల్లి అంత పందికొక్కు ఒకటి నడుస్తోంది. అది అడుగు వేసినప్పుడల్లా పలక లేచి పడుతోంది. టక్. టక్. టక్.

ఆమె కింద కూలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. ఛీ! ఒక పందికొక్కు నడకకా మా నాన్నని పదకొండేళ్లు ఆడిపోసుకున్నారు!

పలక కిందే బోను పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు సాయంత్రానికి పందికొక్కు బోనులో ఉంది. ఆమె సీలింగు పైకెక్కి అంతా వెతికింది. ఇంకోటి ఉన్న జాడ లేదు. పలక బిగించింది. ఇక అది వచ్చే దారి మూయాలి. బీరువాని భుజంతో నెట్టింది. వెనక గోడకి అడుగున, పిడికిలంత కన్నం.

కన్నం పక్కన ఒక అట్టముక్క అంటించి ఉంది. పురుగుల పనివాళ్లు ఏ తేదీన ఏ మందు వేశారో రాసి, వాళ్లకి తప్ప ఎవరికీ కనబడనిచోట అంటించే అట్ట. ఆ చేతిరాత ఆమెకు అ ఆలు నేర్పిన చేతిరాత.

తేదీ. దాని కింద పెన్సిలుతో — "రికార్డులకి పొగమందు కొట్టాను. గది మూయాలి."

దాని కింద అక్షరాలు వంకరపోయాయి. "బయట గడియ వేసేశారు. తలుపు కొడుతున్నాను. ఎవరూ రావడం లేదు. ఈ కన్నంలోంచి కొంచెం గాలి"

అక్కడితో ఆగిపోయింది.

తండ్రి ఈ బీరువా వెనక సందులో దూరి, ఈ కన్నానికి మొహం ఆనించి పడుకున్నాడు... ఇప్పుడు దీన్నే తను మూయాలి.

అట్టని గోటితో మెల్లిగా ఊడదీసింది. బయటికొచ్చి, ఎప్పటిలాగే గది గడియ పెట్టి, బోను ఒక చేత్తో, అట్ట ఒక చేత్తో పట్టుకుని నిలబడింది. వరండా చివర గుమస్తా తాళాలు ఆడిస్తున్నాడు. పక్కన కాపలా తాత.

"అయిందా? కానియ్యమ్మా, ఇంటికెళ్లాలి."

"ఆ రోజూ ఇలాగే తొందరపడ్డారా సార్?" అట్ట అతని కళ్ల ముందు పెట్టింది. "నేను ఆయన కూతుర్ని. చదవండి. పైకి చదవండి, తాత కూడా వింటాడు."

గుమస్తా చదివాడు. 'బయట గడియ' అన్నచోట ఆగిపోయాడు.

"పొగమందు వేస్తే గది మూయాలన్నారు... మూశాను. ఆయన వెళ్లిపోయాడనుకున్నా..."

"చప్పుడు వినబడలేదా?"

అతను తాళాలు జేబులో వేసుకోబోయాడు.

"అడుగుతున్నాను. వినబడలేదా!"

"వినబడింది." చాలా మెల్లిగా అన్నాడు. "...ఎలుకలనుకున్నా."

ఆమె బోను కింద పెట్టింది.

"మనిషి కొడితే ఎలుకన్నారు. ఎలుక కొడితే మనిషంటున్నారు. మందు కొట్టాడని ఒక్క ముక్క అనేసి, మిగతాది జనం నోటికి వదిలేశారు. ఒక్కసారైనా దిద్దాలనిపించలేదా? రేపు పొద్దున అందరినీ పిలుస్తాను. ఈ అట్ట మీరే చదువుతారు."

గుమస్తా తల దించుకున్నాడు. బోనులో పందికొక్కు కదలకుండా ముడుచుకుని ఉంది.

అప్పుడు వినబడింది.

టక్... టక్... టక్.

పైనుంచి కాదు. మూసిన తలుపు మీద. లోపలివైపు.

కాపలా తాత గోడకి అతుక్కుపోయాడు. గుమస్తా బోనుకేసి చూశాడు, తలుపుకేసి చూశాడు. ఎలుక అందామని నోరు తెరిచి, ఒక అడుగు వెనక్కి వేశాడు.

టక్... టక్... టక్.

ఎలుకలక్క పక్కకి తప్పుకుని దారిచ్చింది.

"కొడుతున్నాడు కదా సార్," అంది. "వెళ్లి గడియ తియ్యండి."