యాభై రెండు కాదు, యాభై ఏడు

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదటి పీరియడ్ లెక్కలది. లచ్చిరాం సారు ఫోన్ చూసుకుంటూనే తొమ్మిదో తరగతిలోకి వచ్చారు.

“మ్యాథ్స్ టాలెంట్ టెస్ట్ రిజల్ట్ వచ్చింది,” అన్నారు.

అది జిల్లా మొత్తానికీ పెట్టిన పరీక్ష. నలభై మందిని ఎంపిక చేసి హైదరాబాద్‌లో పది రోజుల క్యాంపుకు పంపుతారు. ఈ బడి నుంచి రాసింది ఇద్దరే. సుమేరా, రిబ్కా. ఇద్దరిదీ ఒకే బెంచీ.

“సుమేరా, ఎనభై రెండు. సెలక్ట్ అయినవ్.”

అందరూ చప్పట్లు కొట్టారు. రిబ్కా అందరికంటే గట్టిగా కొట్టింది.

“రిబ్కా, యాభై రెండు. కటాఫ్ యాభై నాలుగు.” సారు ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూశారు. “ముప్పై నాలుగు రైట్, పదహారు తప్పు. ఒక్కటి కూడా వదలలేదేందమ్మా? రైట్‌కు రెండు మార్కులు, తప్పుకు ఒక మార్కు కట్. మొదటి పేజీలనే ఉంది కదా. చదవలేదా?”

“చదవలే సార్,” అంది రిబ్కా.

“చూసిన్రా? చదవకుంటే గిట్లనే అయితది. మీరందరూ గుర్తు పెట్టుకోండి.”

రిబ్కా చెవులు ఎర్రబడ్డాయి. పక్కనే ఉన్న సుమేరా తల ఎత్తలేదు.

పరీక్ష రోజు చండ్రుగొండలో బస్సెక్కి ఇద్దరూ కొత్తగూడెం వెళ్లారు. దారిలో రిబ్కా అడిగింది. “తప్పు పెడితే మార్కులు పోతయా?”

సుమేరాకు ఆ సంగతి తెలియదు. కానీ లెక్కల గురించి ఎవరు ఏం అడిగినా వెంటనే జవాబు చెప్పడం ఆమెకు అలవాటు.

“ఏం పోవు. రానివి కూడా ఏదో ఒకటి నింపెయ్,” అంది.

సెంటర్‌లో ఇద్దరికీ వేరువేరు గదులు పడ్డాయి. సుమేరా మొదటి పేజీ చదివింది. తప్పుకు మైనస్ ఉంది! రిబ్కాకు చెప్పాలని లేవబోయింది. కానీ అప్పటికే బెల్ కొట్టేశారు. రిబ్కా ఉన్న గదికి వెళ్లే వీల్లేదు.

బయటికి రాగానే రిబ్కా నవ్వుతూ ఎదురొచ్చింది. “నువ్వు చెప్పినవ్ కదా, ఒక్కటి కూడా ఖాళీ ఉంచలే!”

అప్పుడైనా చెప్పాల్సింది. సుమేరా చెప్పలేదు. రిజల్ట్ వచ్చాక చూద్దాంలే అనుకుంది. మూడు వారాలు గడిచిపోయాయి.

రిజల్ట్ వచ్చిన శనివారం సాయంత్రం ఇంట్లో అమ్మీ సేమియా చేసింది. కుట్టుమిషన్లు రిపేర్ చేసే అబ్బా, షాపుకొచ్చిన ప్రతివాళ్లకూ కూతురి మార్కులు చెప్పాడు. క్యాంపుకని కొత్త బ్యాగు కూడా తెచ్చాడు.

“నచ్చలేదా బేటా? రంగు మార్పిస్త.”

“మంచిగుంది అబ్బా,” అంది సుమేరా. జిప్ కూడా తీసి చూడలేదు.

సోమవారం సారు ఒక నోట్‌బుక్ తెరిచారు. వచ్చే నెలలో స్కాలర్‌షిప్ పరీక్ష ఉందట. రాసేవాళ్లను పేర్లు చెప్పమన్నారు. ఐదుగురు చేతులెత్తారు. రిబ్కా ఎత్తలేదు.

“రేపటిదాకా టైముంది. ఆలోచించుకోండి,” అన్నారు సారు.

ఇంటర్వెల్‌లో సుమేరా అడిగింది. “పేరెందుకు ఇయ్యలే?”

“నాకు లెక్కలు రావు గదా.” రిబ్కా వాటర్ బాటిల్ మూత తిప్పుతూ అంది. “మా అమ్మ ఆ రోజు మొక్కల నర్సరీల పని మానుకొని నన్ను బస్సెక్కిచ్చింది. మళ్లొకసారి ఎందుకు? ఇంత చదివినా యాభై రెండే.”



“నీ పేపర్ ఉందా?” అంది సుమేరా.

“బ్యాగులనే ఉంది. ఎందుకు?”

“ఇయ్యి చెప్త.”

ఆదివారమంతా సుమేరా అబ్బా ఫోన్‌లో చూసి పరీక్ష ‘కీ’ కాగితం మీద రాసుకుంది. ఇప్పుడు ఆ కాగితం పక్కన పెట్టి రిబ్కా పేపర్ తెరిచింది. రిబ్కా పెట్టిన జవాబులన్నిటికీ టిక్కులు, కొన్ని ప్రశ్నల పక్కన చిన్న చుక్కలు ఉన్నాయి.

“ఇవేంది?”

“గుడ్డిగా పెట్టినయ్. లాస్ట్‌కు టైం అయిపోతుంటే.”

చుక్కలు ఇరవై ఉన్నాయి. సుమేరా వాటిని వదిలేసి మిగతా ముప్పై సరిచూసింది. ఇరవై తొమ్మిది రైట్. ఒక్కటే తప్పు.

“యాభై ఎనిమిదిల ఒకటి తీస్తే యాభై ఏడు. చుక్కలయి ఐదు రైట్, పదిహేను తప్పు. పది వచ్చినయ్, పదిహేను పోయినయ్,” అంది సుమేరా.

రిబ్కా పేపర్ లాక్కుని తనే మళ్లీ లెక్కపెట్టింది. వేళ్లతో కూడా లెక్కపెట్టింది.

“అంటే అవి వదిలేస్తే నేను పాసే?”

“అవ్.”



“నింపమని చెప్పింది నేనే,” అంది సుమేరా. “నాకు తెల్వకుండనే చెప్పిన. లోపలికి పోయినంక చూసిన, మైనస్ ఉన్నదని. బయటికొచ్చినంక నీకు చెప్పలే. మొన్న సారు నిన్ను అంటుంటే కూడా చెప్పలే.”

రిబ్కా ఆమె వైపు తిరిగింది. “మూడు వారాల సంది నీకు తెలుసా?”

“తెలుసు.”

“మొదటి పేజీ చదవకపోవుడు నా తప్పే. కానీ నువ్వు... నాకు దిమాకే లేదనుకున్న సుమేరా!”

రిబ్కా పేపర్ మడిచి తీసుకుని వెళ్లిపోయింది. తరగతిలో తన బ్యాగు వెనక బెంచీకి మార్చేసింది.

సుమేరా స్టాఫ్ రూమ్‌కు వెళ్లి సారుకు అంతా చెప్పింది. సారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

“క్యాంపు లిస్టు ఇప్పుడు మారదమ్మా.”

“తెలుసు సార్. మీరు రిబ్కాను అందరి ముంగట అన్నరు. నేను కూడా అందరి ముంగటనే చెప్త సార్.”

మర్నాడు లెక్కల పీరియడ్‌లో సుమేరా లేచి నిలబడింది.  బస్సులో తను ఏం చెప్పిందో, మైనస్ సంగతి మూడు వారాలు ఎలా దాచిందో చెప్పింది. “ఆ మార్కులు లెక్కలు రాక పోయినయి కావు. రిబ్కాకు రావాల్సింది యాభై ఏడు,” అని కూర్చుంది. ఎవరూ నవ్వలేదు.

“నేను కూడా ఏమైందో అడగకుండనే నిన్ను అన్న, రిబ్కా,” అన్నారు సారు.

వెనక బెంచీ నుంచి రిబ్కా గొంతు వినిపించింది. “సార్, పరీక్షకు నా పేరు రాసుకోండి.”

ఆమె ఆ రోజు ముందు బెంచీకి రాలేదు. ఆ వారమంతా రాలేదు. సుమేరా క్యాంపుకు బయలుదేరే ముందు రోజు మాత్రం రిబ్కా బడి గేటు దగ్గర ఆమె కోసం ఆగింది.

“అక్కడ చెప్పే లెక్కలన్నీ నాకు కావాలె.”

“అన్నీ తెస్త,” అంది సుమేరా.

క్యాంపులో ఆమె రెండు నోట్‌బుక్‌లు పెట్టుకుంది. పగలు ఒకదాంట్లో రాసుకుని, సాయంత్రం రెండోదాంట్లో రిబ్కా కోసం మళ్లీ రాసేది. నాలుగో రోజు ఇచ్చిన ఒక లెక్క ఎంత చేసినా తెగలేదు. జవాబు బోర్డు మీద ఉంది. చూసి దించేస్తే తను చేసినట్టే ఉంటుంది.

సుమేరా పెన్ను పట్టుకుని కొంచెంసేపు ఆలోచించింది. తర్వాత రిబ్కా నోట్‌బుక్‌లో ఆ లెక్క కింద సగం పేజీ ఖాళీ వదిలి, పక్కన ఇలా రాసింది:

“ఇది నాకు రాలేదు. నువ్వు చేసి చూడు.”