పసుపు మేడ ముందు నుంచి మూడుసార్లు

"ఆదివారం సాయంత్రం ఆరు లోపల ఫోన్ చెయ్యి. శాంపిల్ బాగుందనో, పాడైందనో. అంతకుమించి ఒక్క మాట వద్దు."

"పాడైతే?"

పెద్దాయన సొరుగులోంచి లిప్‌స్టిక్ తీసి బల్ల మీద ఇటు జరిపాడు. పైన తిప్పితే రంగు వస్తుంది. కింద తిప్పితే విషపు సూది వస్తుంది.

ఎదురుగా కూర్చున్న ఆమెను ఆఫీసులో పిచ్చుక అంటారు. అలాంటి సూది ఇదివరకు రెండుసార్లు వాడింది. మొదటిసారి చెయ్యి వణికింది. రెండోసారి వణకలేదు. అప్పటి నుంచే నాలుకకు రుచి తెలియడం మానేసింది. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు.

అసలు పని సోమవారం. నీటి మీటర్ల కంపెనీ మనిషిగా పదింటికి దూరంగా ఉన్న ఓ నగరపు వాటర్ ప్లాంట్ కంట్రోల్ రూమ్‌లోకి వెళ్లాలి. నల్లతేలు ముఠా అక్కడ దాచిన పరికరాన్ని పీకేయాలి. ముఠాకు కావలసింది ఆమె బ్యాడ్జ్. దాంతో వాళ్ల మనిషి లోపలికి వెళ్లి స్విచ్ వేస్తే ఊరంతా విషం తాగుతుంది. శని, ఆదివారాలు ఖాళీ కాబట్టి టూరిస్టులా తిరగాలి, తినాలి. వెంట వచ్చే గైడ్ పేరు సంపెంగ. మన ఏజెంటే. కానీ పదకొండు రోజులుగా ఆమె పంపే సమాచారం తేడాగా ఉంది. శాంపిల్ అంటే ఆమే. ముఠా వైపు తిరిగిపోయిందా లేదా అన్నది తేల్చాలి.

"ఆవిడకి ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. పెళ్లి లేదు, పిల్లల్లేరు. అందుకే తీసుకున్నాం."

పిచ్చుక మూడేళ్ల కూతుర్ని తల్లి దగ్గర వదిలి, జ్వరం మందు ఎన్ని చుక్కలో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి, నెరిసిన విగ్గు పెట్టుకుని విమానం ఎక్కింది.

శనివారం ఉదయం హోటల్ లాబీలోకి సంపెంగ వచ్చింది. ఆకుపచ్చ సిల్కు, నల్ల కళ్లద్దాలు. ఆమెను చూస్తూ రిసెప్షన్ మనిషి చేతిలో తాళం చేతిలోనే ఉంచేసుకున్నాడు.

"ఇక్కడ వాన ఎప్పుడు పడుతుంది?" అంది పిచ్చుక.

"గొడుగు మర్చిపోయిన రోజు."

కోడ్ సరిపోయింది. గడియారం స్తంభం చూశారు, పిచ్చుక టూరిస్టులా అక్కడ ఫోటో తీసి పెద్దాయనకు పంపింది. మ్యూజియం చూశారు, పడవ ఎక్కారు. మ్యూజియంలో టికెట్లు చింపిన పిల్లిమీసాల మనిషే పడవలో వెనక సీట్లో కూర్చున్నాడు. పిచ్చుక అన్నిటినీ బాగుందంది.

"నచ్చిందా మేడమ్?"

"నచ్చింది."

"ఆ సంగతి మీ ముఖానికి ఇంకా చేరలేదు."

మధ్యాహ్నం భోజనంలో సూప్ వేడిగా వచ్చింది. సంపెంగ మాటల్లోనే గిన్నెను బల్ల అంచు నుంచి మధ్యకు జరిపింది. కత్తిని కూడా. అదే క్షణంలో తన చెయ్యి కూడా తన గిన్నెను జరుపుతోందని పిచ్చుక గమనించింది.

ఆదివారం రోడ్డు దాటేటప్పుడు సంపెంగ ఎడమ చెయ్యి కిందికి జారి, నడుము ఎత్తున తెరుచుకుని ఆగింది. అక్కడ పట్టుకోవడానికి ఎవరూ లేరు. పిచ్చుక కుడి చెయ్యి కూడా అలవాటు కొద్దీ దిగింది. రెండు చేతులూ తగిలాయి. సంపెంగ చప్పున వెనక్కి తీసుకుంది.

ఆ రోడ్డు పక్కన, గడియారం స్తంభం వెనక, పసుపు మేడ ఉంది. రెండు రోజుల్లో ఆ మేడ ముందు నుంచి వెళ్లడం అది మూడోసారి. అక్కడ చూడదగ్గదేమీ లేదు. మూడో అంతస్తు ఎడమ కిటికీకి చిన్న తువ్వాలు ఆరేసి ఉంది, బాతుల బొమ్మలున్నది. సంపెంగ మూడుసార్లూ అటే చూసింది.

సాయంత్రం హోటల్ పైఅంతస్తు రెస్టారెంట్లో చేప తెప్పించారు. పిచ్చుకకు అది తడి అట్టముక్కలా ఉంది. లిప్‌స్టిక్ ఒళ్లో ఉంది. ఐదూ నలభై. ఇవాళ వెయిటరు కోటు వేసుకున్న పిల్లిమీసం కాఫీ తేవడానికి అటు వెళ్లాడు.

"పాపా, బాబా?" అంది పిచ్చుక, నాప్‌కిన్ మడుస్తూ.

సంపెంగ ఫోర్కు కింద పెట్టింది.

"పాప. నాలుగేళ్లు. ఆఫీసులో చెప్పలేదు, చెబితే ఉద్యోగం ఇవ్వరని."

"వాళ్లు ఎత్తుకెళ్లి పదకొండు రోజులయిందా?"

సంపెంగ తల ఊపింది. పిచ్చుక ఫోన్ తీసింది. కాఫీ వచ్చేసింది. పిల్లిమీసం పక్కనే నిలబడ్డాడు.

"సార్, శాంపిల్ సంగతి తర్వాత. ముందు చిన్న పార్సిల్ ఒకటి తీయించండి. నిన్న గడియారం స్తంభం దగ్గర ఫోటో పంపాను కదా, వెనక పసుపు డబ్బా. మూడో అర, ఎడమ వైపు. బాతుల గుడ్డ చుట్టి ఉంటుంది. పగిలే సరుకు, జాగ్రత్త."

అటు పెద్దాయనకు విషయం అర్థమైంది. మనవాళ్లు స్తంభం దగ్గరే ఉన్నారు, కానీ ఆరు దాటితే శాంపిల్ పాడైనట్టే లెక్క అన్నాడు.

ఐదూ యాభై. కాఫీ చల్లారిపోతోందని పిల్లిమీసం గుర్తుచేశాడు. పిచ్చుక చక్కెర వేసింది, కలిపింది, మళ్లీ వేసింది. ఆ కాఫీలో ఏముందో తెలిసినట్టు సంపెంగ కప్పునే చూస్తోంది. ఐదూ యాభై ఎనిమిది. ఇక సాగదీయడానికి చక్కెర మిగల్లేదు. పిచ్చుక కప్పు ఎత్తింది. అంచు పెదవికి తగిలింది.

బల్ల మీద ఫోన్ కదిలింది. పిచ్చుక దాన్ని సంపెంగ వైపు తిప్పింది.

పార్సిల్ అందింది. నిద్రపోతోంది. జ్వరం లేదు.

సంపెంగ చెయ్యి చాచి పిచ్చుక చేతిలోంచి కప్పు తీసుకుంది. బల్ల మధ్యలో, చెయ్యి అందని చోట పెట్టింది.

పిల్లిమీసం చెయ్యి కోటు లోపలికి వెళ్లింది. అది బయటికి వచ్చేలోపే లిప్‌స్టిక్ అతని మణికట్టుకు తగిలింది. అతను తాగినవాడిలా కుర్చీలో కూలబడ్డాడు. ఈసారి పిచ్చుక చెయ్యి కొంచెం వణికింది. వణుకుతున్న చేత్తోనే ఫోన్ అందుకుంది.

"సార్, శాంపిల్ బాగుంది."

సోమవారం పదింటికి వెళ్లి పరికరం పీకేసింది. తర్వాత మూడు గంటలు నీటి మీటర్ల గురించి మాట్లాడవలసి వచ్చింది. ఆ పూట ఇంటికి ఫోన్ చేస్తే పాప పడుకుందనీ, చుక్కల మందు అవసరం పడలేదనీ తల్లి చెప్పింది. రెండు రోజులు సెలవు దొరికింది కదా, ఏం చూశావే అని అడిగింది.

"రోడ్లు దాటానమ్మా."

"దానికి విమానం ఎక్కాలా? మన వీధి చివర రోడ్డు లేదూ?"