తల్లివాటా

తెల్లారి గడపకు నీళ్ళు చల్లడానికి తలుపు తీసిన నూకరత్నం చేతిలోని చెంబు కింద పడేసింది. గుమ్మం పక్క గడపదీపం ఆకుపచ్చగా వెలుగుతోంది.

"ఏవండోయ్! లేవండి! కొంప మునిగింది!"

గంగరాజు లుంగీ బిగించుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. దీపాన్ని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు.

"ఆకుపచ్చ వెలిగితే కొంప మునగడమేంటే? ఊళ్ళో సగం గుమ్మాలకి అదేగా!"

"ఊళ్ళో సంగతి నాకెందుకు? మన గుమ్మానికి ఎప్పుడన్నా వెలిగిందా? పిల్ల పుట్టినకాణ్ణించీ పసుపు తప్ప ఎరగని దీపం ఇవాళ ఇలా మారిందంటే ఏదో అయ్యింది. ముందు అది ఊపిరి తీస్తోందో లేదో చూడండి!"

"తీస్తున్నానమ్మా," అంది తరళ, నోట్లో బ్రష్షుతో వెనకాల నిలబడి.

కాకినాడకు పైన, సముద్రం మింగేసిన పాత ఊళ్ళ వెనక కట్టిన కొత్త ఊరు అలలపేట. అక్కడ పుట్టిన ప్రతి బిడ్డకీ చెవి వెనక చింతగింజంత నాడిబిళ్ల అంటిస్తారు. ఒంటి వేడి, గుండె వేగం, చెమటలో ఉప్పు, అన్నీ చదివి అది ముందుచూపు కేంద్రానికి పంపుతూ ఉంటుంది. అక్కడి గణనయంత్రం రాబోయే జబ్బును మూడు రోజుల ముందే పసిగట్టి గడపదీపానికి రంగు పంపుతుంది. ఆకుపచ్చ అయితే బిడ్డ ఎక్కడైనా తిరగవచ్చు. ఎరుపు అయితే బండి వచ్చి తీసుకుపోతుంది. పసుపు అయితే ఎండలో ఆడకూడదు, నీళ్ళలో దిగకూడదు, బడిలో అందరూ ఆడుకునేటప్పుడు గోడ వారగా వేసిన పసుపు బల్ల మీద కూర్చుని చూస్తూ ఉండాలి. ఆ బల్ల మీద కూర్చునే తరళకు పదకొండేళ్ళు వచ్చాయి.

డెంగీతో పిల్లలు పోయిన రోజులు ఇప్పుడు ముసలమ్మలకు తప్ప ఎవరికీ గుర్తు లేవు. అందుకే ఆ దీపాన్ని ఎవరూ ఒక్క మాట అనరు.

నూకరత్నం పాత చెప్పు ఒకటి తెచ్చి దీపానికి వేలాడగట్టింది. గుప్పెడు ఉప్పూ మిరపకాయలూ కూతురి చుట్టూ తిప్పి వంటింట్లో వేడిపలక మీద వేసింది. ఘాటు రాలేదు.

"చూశారా, ఎంత దిష్టో! ఒక్క దగ్గన్నా వచ్చిందా మనకి? పదండి, కేంద్రానికి పోదాం. బాగు చేయించాలి."

తరళ తల్లి రెండు చేతులూ పట్టుకుంది. కుడి మణికట్టుకు కట్టు ఉందని మరిచిపోయి గట్టిగా పట్టుకుంది. ముందురోజు రొయ్యల షెడ్డులో మరుగునీళ్ళు తొణికి అక్కడ బొబ్బలెక్కాయి. తల్లులందరికీ మణికట్టు మీద ఉండే నాడిబిళ్ల చర్మంతో పాటు ఊడి వచ్చేసింది. గాయం మానాక కొత్తది అంటిస్తామన్నారు.

"అమ్మా, సోమవారం కడలిబడి చేరికలే! ఆకుపచ్చ ఉంటే చాలు, తీసుకుంటారు. నీకు దణ్ణం పెడతాను, దాన్ని బాగు చేయించకు!"

ఊళ్ళను మింగిన సముద్రానికి అడ్డంగా నీటి అడుగున గోడ కట్టారు. ఆ గోడకు పట్టిన నాచూ గుల్లలూ గీకి, పగుళ్ళు పూడ్చే విద్య నేర్పేది కడలిబడి. నూకరత్నానికి ఆ పేరు వింటేనే హడలు. కూతురి మాట పూర్తి కాకముందే చెప్పులేసుకుంది.

* * *

కేంద్రంలో పరిశోధక వైద్యుడు విహారి కుర్రవాడే, కానీ ఓపిక ఉన్నవాడు. తరళను బయట కూర్చోమని, పలక మీద గీతలు కాసేపు చూశాడు.

"దీపం చెడిపోలేదమ్మా. నిన్నటి నుంచి మీ బిళ్ల సమాచారం ఆగిపోయింది కదా. అందుకని లెక్కలో తల్లివాటా లేదు. పాప ఒంటి లెక్క ఒక్కటే మిగిలింది. అది ఆకుపచ్చ."

"తల్లివాటా అంటే ఏంటి బాబూ?"

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"బిడ్డకు జ్వరం రాకముందే తల్లికి మనసులో ఏదో తెలుస్తుందని మన ఇళ్ళలో అనుకునేవారు కదా. మా కేంద్రం పెద్దలు దాన్ని కొలిచి చూశారు. లక్షలమంది తల్లుల నాడి తీసుకున్నారు. నిజమేనని తేలింది. బిడ్డ ఒంట్లో మార్పు యంత్రానికి దొరకక ముందే తల్లి గుండె వేగం పెరుగుతోంది. అందుకని పిల్లల లెక్కలో తల్లి నాడికి కూడా వాటా ఇచ్చారు."

"అంటే నా గుండె దడదడలాడితే దాని దీపం పసుపు అవుద్దా?"

"ఒకసారి దడ వస్తే కాదమ్మా. ఎప్పుడూ అలాగే ఉంటేనే."

"నాకెప్పుడూ అలాగే ఉంటది బాబూ!" నూకరత్నం గొంతు లేచింది. "బడి నుంచి రావడం ఆలస్యమైతే దడ. దగ్గితే దడ. దగ్గకపోతే, ఎందుకు దగ్గట్లేదా అని ఇంకా దడ. మా అమ్మకీ ఇంతే. మా ఇంట్లో అర్ధాయుష్షుతో పోయినవాళ్ళు ఒక్కరూ లేరు, అయినా ఇంతే. నేను పుట్టడమే ఇలా పుట్టాను." మెల్లగా అడిగింది. "మరి దానికి ఇన్నాళ్ళూ ఉన్న జబ్బేంటి?"

విహారి పలక మీద పాత ఏళ్ళ గీతలు వెనక్కి జరుపుకుంటూ పోయాడు. చాలా సేపు జరిపాడు.

"జలుబు, రెండుసార్లు. ఇంకేమీ లేదు."

ఆమె బయటికి చూసింది. అద్దం తలుపు అవతల తరళ వరండా స్తంభాన్ని పట్టుకుని గిరగిరా తిరుగుతోంది. పడుద్దేమో అని నూకరత్నం గుండె ఎగిరింది. ఇప్పుడు ఆ ఎగరడం వినే బిళ్ల లేదు. పిల్ల పడలేదు.

"నా వాటా తీసెయ్యండి బాబూ."

"ఒక్కరి కోసం లెక్క మార్చడం కుదరదమ్మా. దానివల్ల ఎంతోమంది పిల్లలు బతికారు. అది అబద్ధం కాదు."

"అబద్ధమని నేనట్లేదు. ఆ అమ్మలకి భయం రావాల్సినప్పుడే వస్తదేమో. నాకు లేచిన దగ్గర్నించీ ఉంటది. అందరమ్మల్నీ ఒక్క కుండలో వేసి ఉడికిస్తే ఎలాగండీ? పోనీ, నేను కొత్త బిళ్ల వేయించుకోకపోతే?"

"పెద్దవాళ్ళకు బలవంతం లేదు. కానీ వారం రోజులు తల్లి నాడి రాకపోతే ఆ పాపను తల్లి లేని బిడ్డగా లెక్క కడుతుంది. అప్పుడు పాపకు ఏదైనా అయితే కబురు మీకు రాదు. ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చోనివ్వరు. అన్నీ కేంద్రమే చూసుకుంటుంది."

"నేను బతికుండగానే?"

"యంత్రానికి ఆ తేడా తెలీదమ్మా," అన్నాడు విహారి ఇబ్బందిగా. "తల్లి తనంతట తాను తప్పుకుంటుందని ఎవరూ అనుకోలేదు."

* * *

సాయంత్రం వాకిట్లో గంగరాజు వల కుట్టుకుంటూ అంతా విన్నాడు.

"మరి కబురు నాకన్నా రాదంటా?"

"తండ్రులకి అసలు లెక్కలోనే చోటు లేదంట."

"మేం మొదట్నించీ లేం కదా, అయినా బతకట్లేదా?" అని నవ్వబోయి, భార్య మొహం చూసి ఆపేశాడు. తర్వాత సూది పక్కన పెట్టి, "నీకో మాట చెప్పాలి. తిట్టకూడదు," అన్నాడు. "దానికి ఈత వచ్చు. రెండేళ్ళుగా పడవల మరమ్మతు కాలువలో నేర్పుతున్నాను. చేప పిల్లలా ఈదుతుంది."

నూకరత్నం చివాలున లేచింది.

"ఎంత గుండెలు తీసిన బంటులండీ ఇద్దరూ! నన్ను చంపేద్దామనుకున్నారా? కాలువలో గాజు పెంకులుంటాయి! పాములుంటాయి! మునిగిపోతే? పసుపు పిల్లని నీళ్ళలో దింపుతారా?"

"పసుపు పిల్ల కాదు కదమ్మా," అంది తరళ గుమ్మంలోంచి. "నీ పసుపు నాకు అంటింది."

పిల్ల మాటలో కోపం లేదు, ఉన్నమాట అన్నట్టే అంది. అందుకే అది నూకరత్నానికి ఎక్కువ తగిలింది. పసుపు బల్ల మీద కూర్చుని, మోకాళ్ళ చుట్టూ చేతులు పెనవేసుకుని ఆటలు చూసే కూతుర్ని ఆమె ఎన్నిసార్లు బడి గేటు దగ్గర్నుంచి చూసిందో! పాపం పిల్ల బలహీనమని ఏడ్చేది. ఏడ్చినప్పుడల్లా గుండె పరుగెత్తేది. అదంతా పోయి ఆ పిల్ల మీదే పడింది.

పక్కింటి వీరవేణి గోడ మీదుగా తల పెట్టి అంతా వింటూనే ఉంది.

"అయితే వదినా, మా చిన్నదాని పసుపు దీపం కూడా నా గుండె వల్లేనంటావా?"

"నీ మొగుడు వేటకి పోయి రాని రోజుల్లో దీపం ఏ రంగులో ఉంటదో చూసుకో."

వీరవేణి తల గోడ వెనక్కి పోయింది.

* * *

శనివారం నర్సమ్మ పెట్టె తీసుకుని వచ్చింది. గాయం చూసి, "మానింది. చెయ్యి చాపండి," అంది.

నూకరత్నం చెయ్యి వెనక్కి పెట్టుకుంది. "వద్దండి."

"వద్దంటే? రేపు పిల్లకి ఏదైనా అయితే?"

ఆ మాటే ఆమెకు రాత్రింబవళ్ళూ చెవిలో మోగుతోంది. ఆస్పత్రి తలుపు బయట తను, లోపల తరళ. ఎవరో తెల్లకోటు వచ్చి, మీరెవరు అని అడుగుతారు. ద్వారబంధం పట్టుకుంది.

"పిల్ల మీద ప్రేమ లేదా అమ్మా మీకు?"

ద్వారబంధం వదిలేసింది. "ఉందో లేదో ఈ బిళ్లకి చెప్పుకోవాల్సిన కర్మ నాకేంటండీ? పిల్లకున్న బిళ్ల పిల్లకుంది. దాని ఒళ్ళు చదువుకోండి, నేను అడ్డం రాను. నా గుండె మాత్రం ఇవ్వను."

"అయితే వద్దని నోటితో చెప్పాలి మరి, అదే సంతకం. చెబితే మీరు లేనట్టే."

"లేనట్టే రాసుకోండి," అని పైకే చెప్పింది. నర్సమ్మ వీధి మలుపు తిరిగేదాకా అలాగే నిటారుగా నిలబడి, తర్వాత లోపలికి పోయి కూలబడింది.

ఆ రోజు మధ్యాహ్నం వీరవేణి మణికట్టుకు కొబ్బరినూనె పట్టించి, నానబెట్టి, బిళ్లను మెల్లగా ఊడదీసింది. మర్నాటికి ఆమె గడపదీపం ఆకుపచ్చ అయింది. అది చూసి ఎదురింటావిడ నూనె గిన్నె అడిగింది. ఆ గిన్నె వీధి చివరిదాకా వెళ్ళి, పక్క వీధులకూ పాకింది. కొందరు బిళ్ల తీయలేదు. వాళ్ళ పిల్లలకు నిజంగానే ఆయాసాలున్నాయి. వాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు.

సోమవారం కడలిబడిలో తరళ పేరు ఎక్కింది.

* * *

మొదటి దిగుడు రోజున తల్లులందరూ ఒడ్డున చేరారు. పిల్లలు నల్లటి ఈత తొడుగుల్లో వరసగా తెప్ప మీద నిలబడ్డారు. అప్పుడే ఊరి వైపు నుంచి ఎర్రబండ్లు కూత పెట్టుకుంటూ ఇసకలోకి వచ్చి ఆగాయి. మూతులకు కవచాలు తగిలించుకున్న మనుషులు మడత మంచాలతో దూకారు. ముందు దూకినవాడు విహారి. ఆడవాళ్ళను చూసి ఆగిపోయాడు.

"మీరంతా బాగానే ఉన్నారా?"

"లేం బాబూ, చచ్చిపోయాం," అంది వీరవేణి. "మీ లెక్కలో చూసుకోండి."

ఒడ్డంతా నవ్వులు లేచాయి. వెనకనుంచి ఎవరో, "చచ్చినోళ్ళకి మీ బండిలో టీ ఇస్తారేంటి?" అని అరిచారు.

విహారి కవచం తీసి నుదురు తుడుచుకున్నాడు. అలలపేటలో తల్లుల నాడి వీధులకు వీధులు ఆగిపోతుంటే, తల్లులను మాత్రమే చంపే కొత్త జబ్బు పుట్టిందని గణనయంత్రం తేల్చింది. జిల్లా అంతా హెచ్చరిక పోయింది. అతను రాత్రంతా మందులు సర్దించి వచ్చాడు.

కోప్పడలేదు. నూకరత్నం పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"నవ్వులాట కాదమ్మా. నిజంగా ఏ పిల్లకైనా వస్తే మాకు ఒక పూట ఆలస్యంగా తెలుస్తుంది. ప్రాణం పోవడానికి ఒక పూట చాలు."

"తెలుసు బాబూ. అది తలుచుకునే నిద్ర పట్టట్లేదు."

"మరి?"

"నిద్ర పట్టనిది నాకు. దానికి కాదు."

తెప్ప మీద ఈల మోగింది. నల్ల తొడుగులు ఒక్కొక్కటే నీళ్ళలోకి జారాయి. తరళ మూడోది. నీళ్ళు ఆమె మీదుగా మూసుకుపోయాయి, అక్కడ ఎవరూ దిగనట్టే.

ఒక తల తేలింది. తరళ కాదు. ఇంకో తల, అదీ కాదు. నవ్వులాగిపోయాయి. నూకరత్నం అలల్లోకి నాలుగడుగులు వేసింది. చీర కుచ్చిళ్ళు తడిసి బరువెక్కాయి. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఇంత దడ ఆమె జన్మలో ఎరగదు.

విహారి ఆమె వెంటే నీళ్ళలోకి వచ్చాడు. తెల్లబడ్డ మొహం చూసి కంగారుపడ్డాడు. "చెయ్యి ఇలా ఇవ్వండమ్మా. ఒక్కసారి నాడి చూస్తాను."

ఆమె మణికట్టును కొంగులో చుట్టి రొమ్ముకు అదుముకుంది. "వద్దు. ఇది నాది."

తెప్పకు అవతల, అనుకున్నచోట కాక ఇంకా లోతున నీళ్ళు చిట్లాయి. తరళ తల పైకి వచ్చింది. గట్టిగా ఊపిరి పీల్చుకుని, గోడ నుంచి గీకి తెచ్చిన గుల్లల ముద్దను రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. ఒడ్డు కేసి చూసింది. అమ్మ ఇక చాలు రమ్మంటుందని, ఏడుస్తుందని, ఆ పిల్ల మొహం అప్పుడే కాస్త వాడింది.

నూకరత్నం ముందుకు ఇంకో అడుగు వెయ్యలేదు. దోసిలి నోటికి అడ్డం పెట్టుకుని, అల విరిగిన చప్పుడు మీదుగా కేకేసింది.

"దిగవే! మళ్ళీ దిగు!"