ఎడమచేతి కాఫీ

తెల్లగుట్ట మలుపు దగ్గర చీకటి పడ్డాక ఎవరూ బండి ఆపరు. టైరు పేలినా సరే, రిమ్ము మీదే ఈడ్చుకుంటూ పోతారు గానీ అక్కడ దిగరు. కరక్ ఊరి నుంచి గనులకు పోయే పాత రోడ్డు అది. ఒక పక్క సుద్దగుట్ట, ఇంకో పక్క లోయ... మధ్యలో ఆ మలుపు.

మీరు అటే పోతానన్నారు కాబట్టి చెబుతున్నాను. కూర్చోండి. మా కొట్టు కాఫీ వేడిగా ఉంది. యాలకులు కాస్త ఎక్కువ పడ్డాయి, ఏమీ అనుకోకండి.

ఆ మలుపులో ఒకడున్నాడని జనం మాట. ఎప్పుడో ఒక లారీ డ్రైవరు అక్కడ గొర్రెలు తోలుకుపోతున్న ఆడమనిషిని గుద్ది, ఆగకుండా పోయాడట. మా దగ్గర అంతకంటే పాపం లేదు. గుద్దితే గుద్దావు — దిగాలి, మనిషిని చూడాలి. ఆ తర్వాత పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని దెబ్బ తిన్నవాళ్ళ గుమ్మం తొక్కాలి. వాళ్ళు కాఫీ పోస్తారు. పగవాడికైనా పోస్తారు. నువ్వు మాత్రం తాగకూడదు. కప్పు ముందు పెట్టుకుని తల వంచుకుని కూర్చోవాలి. ఇంటాయన "తాగు" అన్నాడా, క్షమించినట్టు; దాన్నే మాట ఇవ్వడం అంటాం. అనలేదా... ఆ కాఫీ చల్లారిపోవాల్సిందే, నువ్వు లేచి రావాల్సిందే.

ఆ లారీవాడు ఏ గుమ్మమూ తొక్కలేదు. నెల తిరక్కుండా అదే మలుపులో బోల్తా పడి పోయాడు. అప్పట్నుంచి అక్కడ ఎవరికి దెబ్బ తగిలినా వస్తాడట. కప్పు పట్టుకుని ఎదురుగా కూర్చుంటాడట. అదీ ఎడమచేత్తో! కాఫీ ఎడమచేత్తో పట్టుకునేవాడు మనిషెలా అవుతాడండీ? "మాట ఇవ్వు" అని అడుగుతాడట. పొరపాటున "తాగు" అన్నావో — వాడు కప్పు ఖాళీ చేస్తాడు, ఆ గుక్కతో నీ ప్రాణం పోతుంది.

ఇదీ కథ. మొదట ఎవరు చెప్పారని ఇప్పుడే అడక్కండి.

మా పిన్ని కొడుకు నాయిల్ గనుల్లో పని చేస్తాడు. ముప్పై దాటాయి, ఇద్దరు ఆడపిల్లలు. మనిషి కొండంత, గుండె పిచ్చుకంత. ఈ కథ విన్నప్పట్నుంచి మలుపు వస్తే చాలు, అద్దాలు ఎక్కించుకుని దువా చదువుకుంటూ పోయేవాడు. నేను ఊరుకునేవాణ్ణా! "ఏరా, నిన్న కాఫీ పోశాడా నీకు?" అని ఏడిపించేవాణ్ణి.

"నీ నోరు పడిపోనూ... ఊరుకో అన్నా" అనేవాడు.

పోయిన చలికాలం. మగ్రిబ్ నమాజు అయిపోయింది, చీకటి దిగింది. నాయిల్ డ్యూటీ ముగించుకుని ఇంటికొస్తున్నాడు. మలుపు తిరిగాడు. ఎదురుగా రెండు లైట్లు — తన పక్కనే, తన మీదికే. అంతే.

కళ్ళు తెరిచేసరికి చప్పుడే లేదు. కారు గుట్టకి ఆనుకుని ఉంది. స్టీరింగు ఛాతీ దాకా వచ్చేసింది. కుడికాలు ఉందో లేదో తెలియలేదు. నొప్పి లేదన్నాడు. అసలు భయం అక్కడే పట్టుకుందన్నాడు — నొప్పి కూడా లేదు... ఒళ్ళు మొద్దుబారి ఎవరిదో అన్నట్టు ఉంది.

ఫోను ఎక్కడ పడిందో. ఒక్క లైటు మాత్రం ఇంకా వెలుగుతోంది, సుద్దగుట్ట మీద పడి వెలుతురు వెనక్కి కొడుతోంది. రోడ్డంతా చూశాడు. రెండో బండి లేదు. గుద్దేసి పోయాడన్నమాట, అనుకున్నాడు.

ఎంతసేపు గడిచిందో. అప్పుడు... అడుగుల చప్పుడు. ఒక అడుగు. దాని వెనక ఈడ్చుకుంటూ ఇంకో అడుగు.

పగిలిన అద్దంలోంచి చూశాడు. ఒక ముసలాయన. ముఖం తెల్లగా ఉంది — ఒంటిరంగు కాదు, పిండి పూసినట్టు. కనుబొమ్మలు, గడ్డం, అన్నీ తెలుపే. చేతిలో చిన్న కాఫీ కప్పు.

ఎడమచేతిలో.

నాయిల్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆయన వచ్చి, డోరు పక్కన నేల మీద మెల్లగా కూర్చున్నాడు. కప్పు మోకాలి మీద ఆనించుకున్నాడు. గొంతు గాలిలాగా వచ్చింది.

"కదలకు నాయనా. కాలు లాగకు. తాళం తిప్పి ఇంజిను ఆపెయ్."

నాయిల్ ఆపాడు. ఆపకపోతే ఏం చేస్తాడో అని ఆపాడు.

"తలగుడ్డ విప్పు. మోకాలి పైన, తొడకి కట్టు. ఇంకా గట్టిగా... నేను కట్టలేను. నువ్వే కట్టుకోవాలి."

కట్టలేడట! దెయ్యం మనిషిని ముట్టుకోలేదని నేనే చెప్పి ఉన్నాను వాడికి. కట్టుకున్నాడు. చేతులు తడిశాయి. అదేమిటో చూడ్డానికి ధైర్యం చాలలేదు.

"దాహం వేస్తుంది. నీళ్ళు తాగకు, ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చు. నిద్ర ముంచుకొస్తుంది. పోకు. పిల్లలున్నారా? వాళ్ళ పేర్లు చెప్పు, వింటాను."

దెయ్యానికి పిల్లల పేర్లు ఎవడు చెబుతాడండీ? నాయిల్ పళ్ళు బిగించుకున్నాడు. నోరు తెరిస్తే ఆ మాట జారుతుందేమోనని.

ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి తీస్తున్నాడో లేదో కూడా తెలియడం లేదట. మళ్ళీ మొదలుపెట్టాడు — మెల్లగా, ఒక్కో మాటా పేర్చుకుంటూ.

"పోలీసులొచ్చి రోడ్డు మీద గీతలు గీసి కొలిచేదాకా నీ బండి ఎవర్నీ కదపనివ్వకు. తప్పు నీది కాదు. నాది... నేనే ఈ పక్కకి వచ్చాను. అలాగే చెప్పు. ఆసుపత్రిలో ప్రతి దెబ్బా రాయించు, ఇప్పుడు నొప్పి లేనిది కూడా. ఎవరైనా కాగితం తెచ్చి సంతకం పెట్టమంటే పెట్టకు, నీ కాలి సంగతి తేలేదాకా. మావాళ్ళొచ్చి గడ్డం పట్టుకుని బతిమాలినా సరే, పెట్టకు."

మావాళ్ళా! దెయ్యాలకి చుట్టాలు కూడానా... అనుకున్నాడట నాయిల్. అంత భయంలోనూ ఆ ఆలోచన వచ్చిందట.

అప్పుడు ముసలాయన కప్పు పైకెత్తాడు. కాఫీ చాలావరకు తొణికి నాయిల్ చొక్కా మీద పడింది.

"కాగితం వేరు నాయనా. కాఫీ వేరు. ఈ కాఫీకి... నాకు మాట ఇవ్వు."

నాయిల్ ముఖం తిప్పుకున్నాడు.

"నాయనా... ఒక్క మాట."

పెదవి కొరుక్కున్నాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలు. అనకూడదు. ఏం జరిగినా అనకూడదు.

మూడోసారి ముసలాయన నోటితో అడగలేదు. ఉత్తినే చూశాడు. చూస్తూ, చూస్తూ... తల డోరుకి ఆనించాడు. కప్పు ఒరిగి, మిగిలిన కాఫీ కూడా ఒలికిపోయింది. దూరంగా ఎర్రలైటు తిరుగుతూ కనిపించింది. ఆ తర్వాత నాయిల్‌కి ఏమీ తెలియదు.

ఇదంతా వాడు మర్నాడు పొద్దున ఆసుపత్రి మంచం మీద నా చెవిలో చెప్పాడు. కబురు తెలిసి అప్పుడే పరుగెత్తుకెళ్ళాను. కాలు నిలబడింది. ఆ గుడ్డ కట్టుకోకపోతే మనిషి దక్కేవాడు కాదన్నాడు డాక్టరు.

"వాడే కట్టించాడన్నా" అని గుసగుసలాడాడు నాయిల్. "ఎందుకు కట్టించాడో తెలీదు. మూడుసార్లు అడిగాడు. నేను అనలేదు. నువ్వు చెప్పింది గుర్తుంది నాకు... గెలిచాను."

వాడి ముఖం చూడలేక లేచి నిలబడ్డాను.

ఎందుకంటే ఆ కథ నాదండీ. మూడేళ్ళ కింద, వాన సాయంత్రం, ఇక్కడే, మీరు కూర్చున్న ఆ బల్ల మీదే. ఇద్దరు కుర్రకారు డ్రైవర్లు ఆ మలుపుని ఎంత స్పీడులో కొట్టారో గొప్పలు పోతున్నారు. హెచ్చరిక బోర్డుకి భయపడనివాడు దెయ్యానికైనా భయపడతాడని అప్పటికప్పుడు అల్లాను. లారీవాడు లేడు. గొర్రెల మనిషి లేదు. ఎడమచెయ్యి ఆఖర్న తోచింది — బాగా పండింది. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని విన్నారు. నాకు సంతోషం వేసింది. వారం తిరిగేసరికి ఊరంతా పాకింది. పాకనీలే, బళ్ళు నెమ్మదిగా పోతున్నాయి కదా అనుకున్నాను.

మరి నేను పుట్టించినవాడు... వచ్చి కూర్చోవడమేమిటి?

గోడ పట్టుకుని వరండాలోకి వచ్చాను. అక్కడ ఒక పోలీసాయన, పక్కనే ముగ్గురు పెద్దలు నిలబడి ఉన్నారు. తెలియని తెగ మనుషులు. అందరికంటే పెద్దాయన తలగుడ్డ భుజం మీదికి జారింది, సర్దుకోలేదు. నాయిల్ అన్నని నేనే అని చెప్పగానే నా భుజం మీద ముద్దు పెట్టుకున్నాడు.

"మా తమ్ముడు మిథ్‌కాల్" అన్నాడు. "మీవాణ్ణి గుద్దింది వాడే. వాడి తరఫున వచ్చాం."

మిగతాది పోలీసాయన చెప్పాడు. మిథ్‌కాల్ పికప్పు కట్ట దాటి లోయలో పడింది. రోడ్డు మీంచి చూస్తే కనబడదు. స్టీరింగులోని ఎయిర్‌బ్యాగు పేలి ముఖమంతా తెల్లపొడి. కుడిచెయ్యి రెండు చోట్ల విరిగింది. ఆ చేత్తోనే లోయ ఎక్కాడు, సిగ్నలు కోసం గుట్ట ఎక్కాడు, అంబులెన్సుకి ఫోను చేశాడు. "ఎంతమందికి దెబ్బలు?" అని అడిగితే "ఒక్కడికే" అన్నాడట. మళ్ళీ లోయలోకి దిగి, బండిలో ఉన్న ఫ్లాస్కులోంచి ఒక కప్పు నింపుకుని వచ్చాడు. గుమ్మం తొక్కేంత టైము తనకి లేదని తెలిసిపోయింది కాబోలు.

"లోపల రక్తం పోతూనే ఉంది" అన్నాడు పోలీసాయన. "కదలకుండా పడుకుని ఉంటే బతికేవాడేమో అంటున్నారు డాక్టర్లు. మీవాడి డోరు దగ్గరే పోయాడు."

నాకు ఏడుపు రాలేదు. కోపం రాలేదు. ఏమీ రాలేదండీ.

నలభయ్యో రోజున పద్ధతి ప్రకారం వాళ్ళు నాయిల్ ఇంటికి వచ్చారు, ఇరవైమంది పెద్దలు. నాయిల్ చంకకర్రల మీద నిలబడి స్వాగతం చెప్పాడు. ఆ ముసలాయన ఎవరో ఈసరికి వాడికి తెలుసు. కాఫీ నేనే పోశాను. మిథ్‌కాల్ అన్న కప్పు కింద పెట్టాడు. నోరు తెరవబోయాడు.

"తాగండి పెదనాన్నా" అన్నాడు నాయిల్. ఆయన్ని అడగనివ్వలేదు.

పెద్దాయన తాగాడు. కప్పు చేతిలోనే తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి అడిగాడు: "బాబూ... వాడి చేతిలో కప్పు ఖాళీగా దొరికింది. అంటే... నువ్వు మాట ఇచ్చావా వాడికి?"

ఆ కాఫీ ఎక్కడికి పోయిందో నాకు తెలుసు, నాయిల్‌కి తెలుసు. చొక్కా మీద మరక ఇంకా పోలేదు.

"ఇచ్చాను" అన్నాడు నాయిల్. "తాగాడు."

పెద్దాయన తలగుడ్డ కొంగుతో ముఖం కప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మా తమ్ముడు సుఖంగా పోయాడని పదిసార్లు అన్నాడు.

అందరూ వెళ్ళిపోయాక నేను కప్పులు తీస్తున్నాను. నాయిల్ గోడకానుకుని కూర్చున్నాడు. ముఖంలో ఏమీ లేదు.

"అన్నా" అన్నాడు మెల్లగా. "ఆ ఎడమచేతివాడి కథ... నీకెవరు చెప్పారు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. అల్లడం నాకు చేతనైన పనేగా. కానీ ఒక కప్పు నింపుకున్నాను. వాడి ఎదురుగా కూర్చుని, ఆ కప్పు నేల మీద పెట్టాను. తాగలేదు. తల వంచుకున్నాను.

వాడు కప్పు వైపు చూశాడు. నా వైపు చూశాడు. చాలాసేపు. అర్థమైంది వాడికి.

ఏమీ అనలేదు.

ఇప్పటికి ఏడు నెలలు. ప్రతి శుక్రవారం వెళ్తున్నాను. మరదలు కాఫీ పోస్తుంది, నేను కింద పెడతాను. పిల్లలు చుట్టూ ఆడుకుంటారు. నాయిల్ వానల గురించి, గనుల గురించి మాట్లాడతాడు. ఆ ఒక్క మాట మాత్రం అనడు. కాఫీ చల్లారిపోతుంది, లేచి వచ్చేస్తాను.

అయ్యో, మాటల్లో పడి చూడలేదు... మీది కూడా చల్లారుతోంది. మీకేం, మీరు తాగండి.