సింధూజ పిలిచిన మధ్యాహ్నం

పొద్దున్నే టీ గ్లాసు శ్రీశైలం ముందు పెట్టి, మాట లేకుండా లోపలికి పోయింది సింధూజ. ఏడాదిగా ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య ఇదే తంతు. ఈరోజు మాత్రం తలుపు పక్కన బట్టల సంచి ఉంది.

"ఏడికి?" అన్నాడు శ్రీశైలం. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే మనిషి, మామూలు మాటే కేకలా వస్తుంది. ఐదేళ్ల తేజస్విని బెదిరి తల్లి కొంగు పట్టుకుంది.

"కోరుట్లకు. తల్లిగారింటికి. ఇగ రాను," అంది సింధూజ గొణుగుతున్నట్టు.

అత్త బాలమణి కోడలి చెయ్యి పట్టుకుంది. "పోదువు గని బిడ్డా. ఒక్కసారి గా కౌన్సిలింగు మేడం కాడికి పోయి రాండ్రి. గప్పుడు గూడ పోవాలనిపిస్తే నేనే బస్సెక్కిస్త."

ఆ పెద్దామె మాట తీసేయలేక ఇద్దరూ వెళ్లారు.

గీత మేడం పెట్టిన పద్ధతి ఒక్కటే. "ఒకరు చెప్పాలె. ఇంకొకరు జవాబియ్యొద్దు. విన్నది మళ్ల చెప్పాలె, అంతే."

సింధూజ తల దించుకొని మొదలుపెట్టింది. "పోయినేడు నేను కడుపుతోని ఉన్న. మధ్యాహ్నం నొప్పి లేచింది. అత్తమ్మ ఇంట్ల లేదు. సాంచాల షెడ్డు గడప కాడ కూలబడి పిలిచిన, శానా సార్లు పిలిచిన. ఈయన సాంచ కాడ నిలబడ్డోడు నిలబడ్డట్టే ఉన్నడు. పక్కింటోళ్లు దవాఖానకు తీస్కపోయిండ్రు. కడుపు పోయింది."

"శ్రీశైలం, ఏమన్నది?"

అతడు మేడం మొహం, భార్య మొహం మార్చి మార్చి చూశాడు. "తల్లిగారింటికి పోత అంటున్నది."

"చూసిండ్రా మేడం!" సింధూజ గొంతు లేచింది. "ఎదురుంగ కూసొని చెప్పినా పట్టది ఈయనకు!"

గీత మేడం చేతిలోని ఫైలు నోటికి అడ్డం పెట్టుకొని, "మీ పాప పేరేంది?" అని అడిగింది. శ్రీశైలం పలకలేదు. సింధూజ నివ్వెరపోయి మొగుడి వైపు చూసింది.

ఫైలు దించి మేడం నెమ్మదిగా అడిగింది. "ఎప్పటి సంది వినబడ్తలేదు?"

అతని మొహం వాడిపోయింది. "రెండు మూడేండ్లాయె మేడం. సాంచాల చప్పుడుకు. కోరుట్లోళ్లకు తెలుస్తే చెవిటోనికి ఇచ్చినమనుకుంటరని చెప్పలె. పెదవులు చూసి నెట్టుకొస్తున్న."

సింధూజకు జాలి వేసింది, కానీ కోపం పోలేదు. ఎట్లా పోతుంది! "వినబడకపోతే పాయె. తర్వాత ఒక్కనాడన్న అడిగినవా, ఏమైంది సింధూ అని?"

"అడుగుతే నువ్వు చెప్పేది వినబడదేమోనని భయమైంది," అన్నాడు.

"సింధూజా, ఈసారి ఆయన మొహం చూసి చెప్పు," అంది మేడం.

తలెత్తి, ఒక్కో మాటా కూడబలుక్కొని మళ్లీ చెప్పింది సింధూజ. శ్రీశైలం చూపు ఆమె పెదవుల మీది నుంచి కదల్లేదు. ఆమె ఆపేశాక అతను అందుకున్నాడు.

"నొప్పి లేచింది. గడప కాడ కూలబడ్డవ్. నన్ను పిలిచినవ్, శానా సార్లు పిలిచినవ్. నేను రాలె." ఆమె వైపు వంగాడు. "ఒక్కదానివే ఉన్నవ్, సింధూ."

ఆ చివరి మాట ఆమె చెప్పింది కాదు. ఏడాదిగా ఎవరైనా ఆ మాట అంటారేమోనని ఎదురుచూసింది. భర్త చేతులు పట్టుకొని వెక్కి వెక్కి ఏడ్చింది. అతనూ ఏడ్చాడు.

కాసేపటికి కళ్లు తుడుచుకొని, అతని మొహంలోకి చూస్తూ, వినబడేలా గట్టిగా అంది. "నడువు. ముందుగాల చెవుల డాక్టరు కాడికి పోదాం."