ఇంటి ఓనరు సంతకం

ఆ ఆదివారం వానలో తడుస్తూ గేటు కొట్టిన అమ్మాయి, ఇంటి ఓనరు కావాలంది. నాన్న లోపలే ఉన్నా, "నేనే" అని ఛాతీ విరుచుకుని చెప్పాను. ఆ గొప్పలకు ఎందుకు పోయానా అని ఇప్పటికీ నవ్వుకుంటాను.

పేరు సాయిదుర్గ. వేరే ఊళ్ల నుంచి పనికి వచ్చిన కుటుంబాల పిల్లలకు ఆరోగ్య కార్డులు ఇప్పించే సంస్థలో పనిచేస్తుందట. మా పై గదిలో కిరాయికుండే గవరమ్మ శ్రీకాకుళం వైపు మనిషి. బోయిన్‌పల్లి మార్కెట్లో ఉల్లిగడ్డలు ఏరుతుంది. ఆమె కూతురు భవానికి కార్డు రావాలంటే, వాళ్లు ఈ ఇంట్లోనే ఉంటున్నారని ఓనరు రాసివ్వాలి.

మా గల్లీలో కిరాయికున్నవాళ్లకు ఎవరూ కాగితం రాసివ్వరు. రాసిస్తే ఇక ఇల్లు ఖాళీ చేయరని భయం. నేనూ ఆ మాటే అన్నాను.

"రెండేళ్లుగా మీ నెత్తిమీదే ఉంటున్న పాప ఈ ఇంట్లో లేదంటారేటండీ?"

"లేదని ఎవరన్నరు? కాగితం మాత్రం ఇయ్యం."

"ఆ పాప గుండెకి రంధ్రం ఉందండి. ఇరవై రోజుల్లో ఆపరేషన్. అప్పటికి కార్డు రాకపోతే ఆ తారీఖు పోయినట్టే."

భవానికి ఐదేళ్లు. నాలుగు మెట్లెక్కి కూర్చుండిపోతే, బద్ధకం అనుకుని "ముసలమ్మా" అని రోజూ ఏడిపించేవాణ్ణి. సిగ్గుతో చచ్చిపోయాను.

ఓనరు నేను కాదు, నాన్న అని దుర్గ దగ్గర ఒప్పుకుని, ఆ రోజు నుంచి నాన్న వెంట పడ్డాను. దుర్గ రోజూ వచ్చేది. ఆమె నమస్కారం పెడితే నాన్న పేపర్ అడ్డం పెట్టుకునేవాడు. నేను బతిమాలితే, ఎదురింటాయన కిరాయిదారుతో ఎనిమిదేళ్లు కోర్టు చుట్టూ తిరిగిన కథ అందుకునేవాడు. రేపు ఏం చెప్పి ఒప్పించాలా అని గేటు దగ్గర దుర్గా నేనూ మంతనాలు. వాన వస్తే ఇద్దరికీ ఒకటే గొడుగు. అది చిన్నదైనందుకు నాకైతే ఏ బాధా లేదు.

పదో రోజు, భవానిని నేను ఏమని ఏడిపించేవాణ్ణో నాన్నకు చెప్పేశాను. నాన్న పేపర్ పక్కన పెట్టాడు. కళ్లజోడు తెచ్చుకుని రాసిచ్చాడు.

మర్నాడు దుర్గ అదే కాగితంతో తిరిగొచ్చింది. కరెంటు బిల్లూ ఇంటి పత్రాలూ అనసూయమ్మ పేరు మీద ఉన్నాయి కాబట్టి సంతకం ఆమే పెట్టాలట.

అనసూయమ్మ అంటే మా అమ్మ. ఇల్లు అమ్మ పేరు మీదుందన్న సంగతి నాన్నే మరిచిపోయాడు. పది రోజులుగా మాకందరికీ చాయ్ పోస్తూ అమ్మ అంతా వింటూనే ఉంది.

"మీ నాయన సంతకమే నడుస్తదేమో అనుకున్న. ఒక్కలన్న నన్ను అడిగిన్రా? అడిగుంటే ఆ దినమే పెడుతుంటి" అని, చేతులు కొంగుకు తుడుచుకుని సంతకం పెట్టింది. అర నిమిషం పట్టింది. నాన్న మళ్లీ పేపర్ వెనక్కి వెళ్లిపోయాడు.

ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు కార్డు వచ్చింది.

ఆపరేషన్ అయ్యాక డాక్టర్ బయటికొచ్చి, పాపకు ఇక భయం లేదనగానే గవరమ్మ దుర్గ కాళ్లు పట్టుకోబోయింది. దుర్గ ఆమెను లేపి కావలించుకుని తనూ ఏడ్చేసింది. కాసేపటికి కారిడార్లో మేమిద్దరమే మిగిలాం.

"థాంక్స్ దుర్గా."

"నాకెందుకండీ? సంతకం మీ అమ్మగారిది."

"నువ్వు మా గేటు కొట్టకుంటే ఆ పిల్లని నేను ఇంక గట్లనే ఏడిపిస్తుంటి. తలుచుకుంటేనే భయమైతుంది. నన్ను జెర మనిషిని చేసినవ్. నువ్వంటే నాకు మస్తు ఇష్టం. పెండ్లి చేసుకుందమా?"

దుర్గ చున్నీతో కళ్లు తుడుచుకుంది. "ముందు పాపని కళ్లు తెరవనివ్వండి. అప్పుడు అడగండి" అంది.

మర్నాడు భవాని కళ్లు తెరిచి వాళ్లమ్మను చూసి నవ్వింది. నేను అక్కడికక్కడే మళ్లీ అడిగేశాను. గవరమ్మ పక్కనే ఉందన్న ధ్యాసే లేదు.

"ఇంకేటి ఆలోచిస్తావమ్మా, ఒప్పీసుకో" అంది గవరమ్మ.

దుర్గ నవ్వుతూ తలూపింది. ఎవరికి దండం పెట్టాలో తెలియక అక్కడున్న అందరికీ పెట్టాను, సెలైన్ సీసా మార్చడానికొచ్చిన నర్సమ్మకు కూడా.